చేపపిల్లల రంగు విచారణ సంఘం

యావన్మంది నీటి వినియోగదారులకు తెలియజేయడమేమనగా, మా నీటి సరఫరా కార్యాలయం కింది హాలులో, ఫిర్యాదుల కిటికీకి ఎదురుగా ఉన్న గాజుతొట్టెలో పుట్టిన నలభై ఒక్క చేపపిల్లలకు బంగారు రంగు రానందున, అందుకు కారణాలేమిటో, కారకులెవరో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో ఒక విచారణ సంఘం నియమించబడినది. ఆ సంఘానికి కార్యదర్శిని నేను. సంఘం నివేదిక రాసిందీ నేనే. అందులో రాయనివన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ల ఆఫీసుకు చేపలెందుకని మీరు అడగరు. మీరు లోకం చూసినవారు. కుళాయి నీళ్లు రంగు మారి వస్తున్నాయని జనం రోజూ క్యూ కట్టి ఫిర్యాదులిస్తున్న కాలంలో, మా అధిపతికి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఆయన్ని మేమంతా పెద్దసారు అంటాం. క్యూలో నిలబడ్డవాళ్ల కళ్లెదుటే ఒక గాజుతొట్టె పెట్టించి, ఆరు బంగారు చేపల్ని వదిలి, పైన "మన నీటి స్వచ్ఛతకు సజీవ సాక్ష్యం" అని బోర్డు రాయించారు. తొట్టెలో పోసే నీళ్లు మాత్రం బయటినుంచి డబ్బాల్లో తెప్పించేవాళ్లం. సాక్షుల ప్రాణాలు కాపాడడం మా బాధ్యత కదా.

చేపల్ని చూసుకోవడానికి ఆరు నెలల కాలానికి ఒకామెను పెట్టుకున్నారు. రంగుచేపల దుకాణంలో తొమ్మిదేళ్లు పని చేసి, అది మూతపడ్డాక మా దగ్గరికి వచ్చింది. మూడో రోజుకల్లా ఆఫీసులో అందరికీ చేపలక్క అయిపోయింది. ఈ ఉద్యోగం ఆమె ఇంటికి నాలుగు అడుగుల దూరం. ఇది పోతే రెండు బస్సులు మారి ఊరవతల బట్టల మిల్లుకు పోవాలి, పాప కళ్లు తెరవకముందే గడప దాటాలి. అందుకని ఆమె ఆ తొట్టెను కంటికి రెప్పలా చూసుకునేది.

ఒకరోజు చేపలు నాచు మీద గుడ్లు పెట్టాయి. చేపలక్క ఆ నాచును వెంటనే వేరే తొట్టెలోకి మార్చేసింది. ఎందుకంటే, బంగారు చేపలు తమ గుడ్లను తామే తినేస్తాయట. కింద మొలిచేవాటిని పైనున్నవి తినేయడం మా ఆఫీసులోనూ ఉన్న పద్ధతే కనుక నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. అలా నలభై ఒక్క పిల్లలు దక్కాయి. దక్కిన ఆరు వారాలకు మా కార్యాలయ స్వర్ణోత్సవం ప్రకటించారు. ఆహ్వానపత్రంలో, ముఖ్య అతిథి పేరుకు కొంచెం కింద, "నలభై ఒక్క స్వర్ణ శిశువుల దర్శనం" అని అచ్చయింది. అచ్చయిన తర్వాత పెద్దసారు శిశువుల్ని చూడడానికి కిందికి దిగారు.

"ఇవేంటి, కప్పపిల్లలా?" అన్నారు.

"చేపపిల్లలేనండి. మన చేపల పిల్లలే సార్," అంది చేపలక్క.

"మన చేపలు మేలిమి బంగారం. ఇవి బురదలా ఉన్నాయి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

"కొన్నాళ్లు మేస్తుంది సార్. పుట్టినప్పుడు అన్నీ మట్టిరంగులోనే ఉంటాయి. మూడు నాలుగు నెలలకు రంగు తిరుగుతుంది. కొన్నిటికి ఏడాది పడుతుంది. ఒకటో రెండో అసలు మారకుండా అలాగే ఉండిపోతాయి కూడా."

"స్వర్ణోత్సవం ఇంకా పది వారాలే ఉంటే, ఏడాది ఎలా పడుతుందమ్మా?" అని పెద్దసారు మందలించారు.

ఆ సాయంత్రమే రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది విచారణ సంఘాన్ని నియమిస్తూ. రెండోది చేపలక్క గురించి: "చేపపిల్లలన్నియు బంగారు రంగుకు వచ్చిన పిమ్మట మాత్రమే ఈమె కొనసాగింపు విషయము పరిశీలించబడును." ఈ రెండో కాగితం టైపు చేసింది నేనే. అన్నియు అనే మాట కింద గీత కొట్టమని పెద్దసారు చెబితే గీత కూడా కొట్టాను.

సంఘంలో సభ్యులు ఉద్దండులు. అధ్యక్షులు ఉపాధిపతి గారు. ఆయన జీవితంలో ఏ చేపనూ ప్రాణంతో చూడలేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటారని ఎంపిక చేశారు. రెండోవారు భవనానికి సున్నాలూ రంగులూ వేయించే ఇంజనీరు గారు. రంగు అనే మాట వినబడగానే తన శాఖ అని ఆయనే వచ్చి చేరారు. మూడోవారు పెద్ద గుమాస్తా గారు. చుట్టాలిళ్లలో పసిపిల్ల పుడితే చెవి తమ్మె అంచు చూసి, పెద్దయ్యాక ఏ ఛాయ తేలుతుందో చెప్పడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. తప్పినచోట తల్లిదండ్రులు పిల్లను ఎండలో తిప్పారని తేల్చేవారు.

మొదటి సమావేశానికి చేపలక్కను పిలిచారు. ఆమె నిలబడే అంతా చెప్పింది. పిల్ల చేపకు రంగు ముందు పుట్టుకతో రావాలి. తర్వాత తిండితో రావాలి. నాచు, చిన్న రొయ్యపొడి, ఎర్రటి దుంపల తురుము లాంటివి పెడితే రంగు నిలుస్తుంది. పగలు వెలుతురుండాలి, రాత్రి చీకటుండాలి. తొట్టె అడుగున నల్లరాళ్లుంటే చేప రంగు చిక్కబడుతుంది, తెల్లరాళ్లుంటే తానూ పాలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బెదరకూడదు. బెదిరిన చేప వెలిసిపోతుంది.

"నువ్వేం చదివావమ్మా?" అని అడిగారు అధ్యక్షులు. ఆమె ఎనిమిదో తరగతి అని చెప్పింది. నేను మినిట్సు పుస్తకంలో "సాంకేతిక అభిప్రాయమేదియు అందలేదు" అని రాశాను.

ఇక పని మొదలైంది. ఇంజనీరు గారు గోడరంగుల నమూనా కార్డు తెచ్చి తొట్టె అద్దానికి అతికించారు. ప్రతి సోమవారం పదకొండు గంటలకు ఒక్కొక్క చేపపిల్లను కార్డు పక్కన పెట్టి పోల్చాలి. ప్రస్తుత ఛాయ, కార్డు ప్రకారం, "తడి ఇసుక". చేరవలసిన లక్ష్యం "పండిన నారింజ". నలభై ఒక్క పిల్లలకు నలభై ఒక్క నంబర్లిచ్చాం. నంబర్లు కాగితం మీద ఉన్నాయి గానీ చేపల మీద లేవు. అందువల్ల మొదటి సోమవారం పదిహేడో నంబరును ఏడుసార్లు కొలిచాం. ఏడుసార్లూ ఏడు ఛాయలొచ్చాయి. సగటు తీసి పంపించాం.

పెద్ద గుమాస్తా గారు తన వంతుగా చెవులు చూడాలన్నారు. చేపకు చెవి తమ్మె లేదని అరగంట వెతికాక తేలింది. "చెవి లేని కారణంగా తోక అంచును చెవిగా పరిగణించవలెనని" ఏకగ్రీవంగా తీర్మానించాం. భూతద్దం పెట్టి తోకలు చూసి, "నెల తిరిగితే తేలుతుంది, చామనఛాయకు తగ్గదు" అని ఆయన అభయమిచ్చారు. తల్లి చేపకు ముందే కుంకుమపువ్వు తాగించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని కూడా అన్నారు. ఎందుకు తాగించలేదో సంజాయిషీ ఇవ్వాలని చేపలక్కకు మెమో వెళ్లింది.

రెండో వారం తొట్టెలోని నల్లరాళ్లు చూడ్డానికి మసిగా ఉన్నాయని తీసేయించి, ఫోటోలు బాగా పడతాయని తెల్ల పాలరాతి ముక్కలు పోయించారు. వెనక గోడకు తెల్లకాగితం అంటించారు. చీకట్లో రంగెలా వస్తుందని రెండు పెద్ద ట్యూబులైట్లు బిగించి, రాత్రింబవళ్లు వెలగాలని కాపలావాడికి రాతపూర్వకంగా ఆదేశించారు. మూడో సోమవారానికి ఛాయ "తడి ఇసుక" నుంచి "ఎండిన ఇసుక"కు వచ్చింది. కార్డులో ఒక గడి కదిలిందని అధ్యక్షులు హర్షం వెలిబుచ్చారు. ఏ వైపుకు కదిలిందన్నది ఎజెండాలో లేని అంశం.

హాజరు పట్టీ తీసుకునేటప్పుడు చేపలు ఇటు తిరగడం లేదని ఇంజనీరు గారు అద్దం మీద తట్టడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి అధ్యక్షులు, అధ్యక్షుల్ని చూసి గుమాస్తాలు, గుమాస్తాల్ని చూసి క్యూలో ఉన్నవాళ్లు. వచ్చిపోయేవాళ్లందరూ ఒక తట్టు తట్టి "ఏం, ఇంకా రాలేదా రంగు?" అని అడిగి పోయేవారు. పిల్లలన్నీ బుడగలొచ్చే గొట్టం వెనక గుంపుగా దాక్కుని, రోజురోజుకూ పాలిపోయాయి. "క్రమశిక్షణారాహిత్యం" అనే శీర్షిక కింద నేను దీన్ని నమోదు చేశాను.

నాలుగో వారం, పెద్దసారే స్వయంగా పిల్లల్ని ఉద్దేశించి ప్రసంగించారు. స్ఫూర్తి కోసం తల్లిదండ్రుల తొట్టెను పక్కనే చేర్చారు. మైకు కూడా పెట్టాం.

"చిరంజీవులారా! మీకు నీళ్లిచ్చాం. గాలి ఇచ్చాం. బుడగలు కూడా ఇచ్చాం. మా చిన్నతనంలో మాకు ఇవేవీ లేవు. అయినా ఈ స్థాయికి వచ్చాం. మీ కన్నవాళ్లు పక్కనే ఉన్నారు, కళ్లు తెరిచి చూడండి. వాళ్ల పేరు నిలబెడతారో, మా పరువు తీస్తారో మీ చేతుల్లోనే ఉంది. మేల్కోండి! లేవండి! రంగు తెచ్చుకోండి!"

చేపలకు చేతులూ లేవు, రెప్పలూ లేవు. అవి పుట్టినప్పటినుంచీ మేల్కొనే ఉన్నాయి. సిబ్బంది కరతాళధ్వనులు చేశారు. ఆ చప్పుడుకు రెండు తొట్టెల్లోని చేపలూ, తల్లిదండ్రులతో సహా, ఒకేసారి మూలకు దూరాయి.

అయిదో వారం ఇంజనీరు గారికి మెరుపులాంటి ఉపాయం తట్టింది. చేపలకు రంగు రాకపోతే, అద్దానికి తెప్పిస్తే సరి. బహుమతుల మీద చుట్టే పల్చటి నారింజరంగు కాగితం తెచ్చి తొట్టె చుట్టూ అంటించారు. నిజంగానే చేపలన్నీ ఒక్క క్షణంలో పండిన నారింజ అయిపోయాయి. అధ్యక్షులు కార్డు పక్కన పెట్టి చూసి ఇంజనీరు గారిని కౌగిలించుకున్నారు. అంతలో క్యూలో ముందున్న ఒక పెద్దావిడ తొట్టెకేసి చూసి కేకేసింది.

"ఇవేనయ్యా! మా కుళాయిలో వచ్చే నీళ్లు అచ్చం ఇవే! ఇన్నాళ్లూ లేదు లేదన్నారు, ఇప్పుడు తొట్టెలో పోసి మరీ చూపిస్తున్నారే!"

క్యూ మొత్తం తొట్టె చుట్టూ మూగింది. ఒకాయన "సజీవ సాక్ష్యం" బోర్డును పైకి చదివి వినిపించాడు. మరొకాయన ఫోటో తీశాడు. పావుగంటలో కాగితం చింపేశాం. ఈ గందరగోళానికి బాధ్యురాలు చేపలక్కేనని సంఘం అభిప్రాయపడింది. ఆమె వేళకు రంగు తెప్పించి ఉంటే కాగితం అంటించాల్సిన అవసరమే ఉండేది కాదు కదా.

ఆ రోజు మెమో ఆమె చేతికి నేనే ఇచ్చాను. చదువుకుని మడత పెట్టుకుంది.

"మా పాప పుట్టినప్పుడూ ఇంతే అన్నయ్యా," అంది. "ఉయ్యాల చుట్టూ నిలబడి అందరూ చెవులు చూశారు. రంగు తేలుతుందా, తేలదా అని. పిల్ల పాలు తాగుతోందా అని ఒక్కరూ అడగలేదు."

నాకు సిగ్గేసింది. నా కూతురు పుట్టినప్పుడు నేను పెద్ద గుమాస్తా గారిని పిలిపించి మరీ చూపించుకున్నాను. ఆ మాట ఆమెతో చెప్పలేక సీటులోకి వచ్చి కూర్చున్నాను.

ఇక విషయం ఆఫీసు గోడల మధ్య తేలేది కాదని, దేశంలో చేపలు ఎక్కడెక్కడ బాగా రంగుగా ఉన్నాయో స్వయంగా చూసి రావాలని సంఘం నాలుగు వారాల అధ్యయన యాత్రకు బయలుదేరింది. కార్యదర్శులు యాత్రలకు అర్హులు కారు. నన్ను ప్రతి సోమవారం రంగు కొలిచి ఫోనులో చెప్పమన్నారు. తాము లేనప్పుడు బయటివాళ్లు చూసి నవ్వకుండా, పిల్లల తొట్టెను పై అంతస్తులోని పాత ఫైళ్ల గదికి తరలించమన్నారు. ఆ గదిలో తూర్పు కిటికీ ఉంది. తాళం నా దగ్గరుంది. గత పన్నెండేళ్లలో ఆ గదిలోకి ఒక్కరు కూడా వచ్చింది లేదు.

తొట్టె మార్చిన మర్నాడు చేపలక్క నల్లరాళ్ల గోతాంతో వచ్చింది. "మీరు చూడనట్టు ఉండండి అన్నయ్యా, అంతే చాలు," అంది.

చూడనట్టు ఉండడంలో నాకు పాతికేళ్ల అనుభవముంది. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె పాలరాళ్లు తీసేసింది, నల్లరాళ్లు పరిచింది, ట్యూబులైట్ల వైర్లు పీకేసింది. పొద్దున ఎండ, సాయంత్రం చీకటి, రోజుకు మూడుసార్లు చిటికెడు చిటికెడు మేత. అంతే. రెండోవారంలో చూద్దునుగదా, పిల్లలు నల్లగా తయారయ్యాయి.

"ఇదేంటి చేపలక్కా, ఉన్నది కూడా పోయింది!"

"నల్లబడ్డాకే రంగు విరుస్తుంది అన్నయ్యా. గట్టిగా అరవకండి, వాటికి వినిపిస్తుంది."

మూడోవారం ఒకదాని పొట్ట కింద సన్నగా పసుపు కనబడింది. రెండు రోజుల్లో అది పక్కలకు పాకింది. నలుపు వీపు మీదికి వెనక్కి జరుగుతూ పోయింది. నాలుగోవారం నేను మధ్యాహ్నం అన్నం డబ్బా అక్కడే తెరుచుకుని తినడం మొదలుపెట్టాను. కిటికీలోంచి ఎండ పడి ఆ పిల్లలు మెరుస్తుంటే నా కళ్లు చల్లబడేవి. పాతికేళ్లుగా ఈ భవనంలో ఉన్నాను. ఒక పని దానంతట అది, దాని వేళకు, సవ్యంగా పూర్తి కావడం చూడడం నాకదే మొదటిసారి.

సంఘం తిరిగివచ్చింది. తొట్టె చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నా సోమవారం పట్టిక తెప్పించి, తమ యాత్రా వివరాలతో పోల్చారు. శాస్త్రీయ దృష్టి అంటే అదీ. సంఘం ఆఫీసులో ఉన్నప్పుడు ఎండిన ఇసుక. ఒకరోజు ప్రయాణమంత దూరంలో ఉన్నప్పుడు తేనెరంగు. అన్నిటికన్నా దూరాన సముద్రం ఒడ్డున ఉన్నప్పుడు పండిన నారింజ. "విచారణ సంఘము కార్యాలయమునకు ఎంత దూరముగా నుండిన చేపపిల్లలకు అంత రంగు వచ్చునని నిస్సందేహముగా రుజువైనది. కావున సంఘమును శాశ్వతముగా యాత్రలోనే ఉంచవలెను" అని సిఫారసు చేశారు. నేను రాసిన అన్ని నివేదికల్లోకీ పూర్తిగా నిజమైనది ఇదొక్కటే. పెద్దసారు మెచ్చుకుని ఆమోదించారు. తోక అంచు చూసి ముందే చెప్పానని పెద్ద గుమాస్తా గారు అందరికీ గుర్తుచేశారు.

స్వర్ణోత్సవం వచ్చింది. తొట్టెను మళ్లీ కింది హాలుకు దింపాం. రాళ్లు మాత్రం మార్చనివ్వనని చేపలక్క తొట్టెకు అడ్డంగా నిలబడింది. ముఖ్య అతిథి తెర తీశారు. లోపల బంగారం కరిగి ఈదుతున్నట్టుంది. అప్పుడు నాచు వెనకనుంచి నలభై ఒకటోది బయటికి వచ్చింది. పుట్టినప్పుడు ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉంది. నింపాదిగా అందరి ముందునుంచి ఈదుకుంటూ పోయింది.

"అదేంటి, అదొక్కటి అలా ఉంది?" అన్నారు ముఖ్య అతిథి.

అందరూ వంగి దాన్నే చూశారు. పెద్దసారుకు చెమటలు పట్టాయి. ఆయన చూపు చేపలక్క మీద పడింది. ఉత్తర్వులో అన్నియు అనే మాట, దాని కింద నేను కొట్టిన గీత, నాకు కళ్ల ముందు కదిలాయి.

"అది దాని రంగేనండి," అంది చేపలక్క. "బాగా తింటోంది. అన్నిటికన్నా హుషారుగా తిరుగుతోంది. దానికేం లోటు లేదు."

ముఖ్య అతిథి ఆమె మాట విన్నట్టు లేదు. మైకు అందుకున్నారు. "నలభై ఒకటికి నలభై సాధించడం ఘనతే! కాని సోదరులారా, సోదరీమణులారా, నాయకత్వమంటే వెనకబడిపోయిన ఆ ఒక్కదాని గురించి ఆలోచించడం! దాన్ని ఎవరు చూసుకుంటున్నారు? నాకు వివరాలు కావాలి!"

చప్పట్లు మారుమోగాయి. పెద్దసారు చిక్కులో పడ్డారు. అన్నీ మారలేదు కాబట్టి చేపలక్కను కొనసాగించడానికి వీల్లేదు. ఆ ఒక్కదాన్ని ఎవరు చూస్తున్నారని పైవారు అడిగారు కాబట్టి తీసేయడానికీ వీల్లేదు. గోళ్లు కొరుక్కుంటూ నావైపు చూశారు. నేను అక్కడికక్కడే ఒక చిత్తు కాగితం మీద రాసి ఇచ్చాను: "నలభై ఒకటవ చేపపిల్లకు బంగారు రంగు వచ్చువరకు ఈమెను ఉద్యోగములో కొనసాగించడమైనది." ఆయన చదివి, ఎంత కఠినంగా ఉందో చూసి, తృప్తిగా సంతకం పెట్టారు. నా సర్వీసులో నేను రాసిన మంచి వాక్యం అదొక్కటే.

చేపలక్క కాగితం రెండుసార్లు చదువుకుంది.

"ఇది మారేది కాదు అన్నయ్యా. చెప్పాను కదా."

"తెలుసు. ఎన్నేళ్లు బతుకుతుంది?"

"బాగా చూసుకుంటే పదిహేనేళ్లు."

"అయితే బాగా చూసుకో," అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ప్రస్తుతం ఆ చేప మా కార్యాలయానికే తలమానికం. దాని కోసం ప్రత్యేకంగా ఏకసభ్య సంఘం వేశారు. ఆ సభ్యుడు యాత్రలో ఉన్నాడు. హాలులో అభిప్రాయాల పుస్తకం ఒకటి పెట్టాం. ఇంతవరకు మూడు వందల పన్నెండు మంది రాశారు. తురుము పెట్టమని కొందరు, ఎండ తగలనివ్వమని కొందరు, ఎండ తగలనివ్వొద్దని కొందరు, అతిథులొచ్చినప్పుడు లోపలికి మార్చేయమని చాలామంది. మిగిలిన నలభై బాగున్నాయని ఒక్కరూ రాయలేదు. మీకు వీలున్నప్పుడు తప్పక దయచేయండి, మీ సలహా కూడా రాసిపోవచ్చు. ఏ చేప దగ్గర నిలబడాలో మేం చూపించనక్కర్లేదు. మీ కళ్లే మిమ్మల్ని అక్కడికి తీసుకుపోతాయి.